బ్యాండ్ దగ్గర ముద్ద ఆగిపోతే

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేసి కడుపు పైభాగం చుట్టూ బిగించే పట్టీని గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటారు. అది వేయించుకున్న మనిషికి భోజనం మధ్యలో ముద్ద అడ్డం పడిందనుకోండి. చెయ్యి ఛాతీ మీదికి పోతుంది, నోట్లో నీళ్లు ఊరిపోతుంటాయి, తినడం ఆగిపోతుంది. పక్కన మనవాళ్లెవరున్నా వెంటనే గ్లాసు చేతికిచ్చి "రెండు గుక్కలు తాగు, దిగిపోతుంది" అంటారు. ప్రేమతోనే అంటారు. మామూలు మనిషికైతే అది పనికొచ్చే మాటే. బ్యాండ్ ఉన్నవాళ్లకి మాత్రం అసలు బాధ ఆ గ్లాసుతోనే మొదలవుతుంది. కిందికి దారి మూసుకుపోయింది కాబట్టి తాగిన నీళ్లు ముద్ద మీదే నిలబడతాయి. అన్నవాహిక ఇంకా సాగుతుంది, నొప్పి పెరుగుతుంది, కాసేపటికి నీళ్లూ ముద్దా కలిసి పైకొస్తాయి.

దీన్ని బ్యాండ్ ఉన్నవాళ్లు "స్టక్ అవడం" అంటారు. దీని గురించి రెండు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. స్టక్ అవుతోందంటే బ్యాండ్ బాగా పనిచేస్తోందన్నది ఒకటి. ఆపరేషన్ చేయించుకున్నాక ఇది తప్పదు, సర్దుకుపోవాల్సిందే అన్నది రెండోది. రెండూ తప్పే. ఏ ఆరు నెలలకో ఒకసారి అడ్డం పడితే ఆ రోజు తిన్న తీరులో ఏదో తేడా జరిగిందని అర్థం. వారంలో రెండు మూడుసార్లు పడుతుంటే మాత్రం తిన్న తీరుని ఎంత సరిచేసినా లాభం ఉండకపోవచ్చు, అప్పుడు చూడాల్సింది బ్యాండ్‌ని. ఈ తేడా పట్టుకోలేక ఏళ్ల తరబడి బాత్‌రూమ్‌కి పరుగెత్తుతూ తమనే తాము తిట్టుకునేవాళ్లు ఉంటారు.

లోపల ఏం జరుగుతుంది

బ్యాండ్ అంటే సిలికాన్‌తో చేసిన ఒక పట్టీ. అన్నవాహిక కడుపులో కలిసే చోటికి కాస్త కింద, కడుపు పైభాగం చుట్టూ దాన్ని బిగిస్తారు. లోపలి అంచున గాలి ట్యూబు లాంటి ఒక తిత్తి ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని గొట్టం పొట్ట గోడ దాకా వస్తుంది, అక్కడ చర్మం కింద పోర్ట్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. పోర్ట్‌లోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే బ్యాండ్ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. ఇలా ఎక్కించడాన్నే ఫిల్ అంటారు. ఎక్కించేది చాలా కొంచెమే. ఇప్పటి రకాల్లో మొత్తం 10 నుంచి 14 మి.లీ. పడుతుంది, పాత రకాల్లో 4 మి.లీ. మాత్రమే. అందుకే అర మిల్లీలీటరు అటూ ఇటూ అయినా మనిషికి తేడా తెలిసిపోతుంది.

బిగించి వదులు చేసుకునే ఈ బ్యాండ్‌కి 1980ల్లో రూపం ఇచ్చినవాళ్లలో న్యూజెర్సీ సర్జన్ లుబోమిర్ కుజ్మాక్ ముఖ్యుడు. ఇథియోపియాలో పుట్టి బెల్జియంలో స్థిరపడిన మితికు బెలాచ్యూ 1993లో దాన్ని లాపరోస్కోపీతో, పొట్ట పెద్దగా కోయకుండా వేశాడు. 2001లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, ల్యాప్-బ్యాండ్ అనే రకానికి అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, యూరప్ అంతటా లక్షల మందికి వేశారు. 2011లో అమెరికాలో జరిగిన బరువు తగ్గించే ఆపరేషన్లలో మూడో వంతుకు పైగా బ్యాండ్లే. 2019 నాటికి అది నూటికి ఒకటికి పడిపోయింది. కడుపులో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్ వచ్చి దాని చోటు తీసుకుంది, పైగా బ్యాండ్ వేసినవాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత మళ్లీ ఆపరేషన్ అవసరమవుతోందని తేలింది.

కాబట్టి ఇప్పుడు బ్యాండ్‌తో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పదేళ్లో పదిహేనేళ్లో కిందట వేయించుకున్నవాళ్లు. వేసిన సర్జన్ రిటైరైపోయి ఉండొచ్చు, ఆ క్లినిక్ మూతపడి ఉండొచ్చు, వీళ్లే దేశం మారి ఉండొచ్చు. సలహా అడగడానికి మనిషి దొరకడం కష్టమవుతున్నది అందుకే.

ఇక పనిచేసే తీరు. మొదట్లో డాక్టర్లే చెప్పిన కథ ఇలా ఉండేది: బ్యాండ్ పైన 15, 20 మి.లీ. పట్టే చిన్న సంచి ఏర్పడుతుంది, అది నిండగానే కడుపు నిండినట్టు ఉంటుంది, తర్వాత అందులోది మెల్లగా కిందికి జారుతుంది. చాలామంది పేషెంట్ల బుర్రలో ఇప్పటికీ ఉన్న బొమ్మ ఇదే. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంలో పాల్ ఓబ్రయన్, ఆ తర్వాత పాల్ బర్టన్, వెండీ బ్రౌన్ అన్నవాహికలో ఒత్తిడి కొలిచి, ఎక్స్‌రే వీడియోలు తీసి చూస్తే బొమ్మ వేరేగా కనిపించింది. బ్యాండ్ సరిగ్గా బిగించి ఉంటే పైన సంచిలో ఏదీ నిలవ ఉండకూడదు. నమిలి మింగిన ముద్దని అన్నవాహిక కింది కండరాలు నొక్కి బ్యాండ్ దాటిస్తాయి. ఒక్క నొక్కుతో పని కాదు. ముద్ద కొంచెం దాటుతుంది, మిగిలింది వెనక్కి తన్నుతుంది, మళ్లీ నొక్కుతాయి. ఒక చిన్న ముద్ద పూర్తిగా దాటడానికి ఇలాంటివి రెండు నుంచి ఆరు నొక్కులు పడతాయి, దానికి ఒక నిమిషం దాకా పట్టొచ్చు. ఆ నొక్కుళ్లు అక్కడి నరాలకి తగులుతూ ఉండడం వల్లే కొద్దిగా తినగానే ఆకలి చల్లబడుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. మొదటి ముద్ద ఇంకా దాటుతుండగానే రెండోది మింగితే, దాని మీద మూడోది పడితే, కండరం ఎంత నొక్కినా దారి దొరకదు. తిరుమల క్యూలో ముందు గేటు తెరవకుండా వెనకవాళ్లు తోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మెల్‌బోర్న్ డాక్టర్లు ముద్దకీ ముద్దకీ మధ్య ఒక నిమిషం ఆగమనడం ఇందుకే. భోజనానికి ఇరవై నిమిషాలంటే లెక్కకి ఇరవై ముద్దలు. ఆ తర్వాత పళ్లెంలో మిగిలినా లేచిపోవాలి. అన్నం పారెయ్యకూడదని చిన్నప్పటి నుంచి విని పెరిగిన మనకి ఈ చివరిది అన్నిటికంటే కష్టం. మొదటే తక్కువ వడ్డించుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

అడ్డం పడిందని ఎలా తెలుస్తుంది

రొమ్ము ఎముక వెనక ఏదో బండ పెట్టినట్టు ఒత్తిడి వస్తుంది. ఒక్కోసారి ఎడమ భుజంలోకి, వీపులోకి లాగుతుంది. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి తుమ్ములు, ముక్కు కారడం. కొద్ది నిమిషాల్లో నోట్లో లాలాజలం వరదలా ఊరుతుంది, చిక్కగా, నురగగా, జిగురుగా. అడ్డం పడినదాన్ని జార్చడానికి శరీరం చేసే ప్రయత్నం అది. దిగే దారి లేక ఆ జిగురంతా పైకొస్తుంది. దీన్ని స్లైమింగ్ అంటారు. తర్వాత ముద్ద కూడా రావచ్చు. ఇది మామూలు వాంతిలా పుల్లగా, చేదుగా ఉండదు, ఎందుకంటే అది కడుపులోకి పోనే లేదు. తిన్నది తిన్నట్టే వచ్చేస్తుంది.

పొలమారడం వేరు, ఇది వేరు. పొలమారినప్పుడు మెతుకు గాలి గొట్టం వైపు పోతుంది, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, ఊపిరి అందదు. బ్యాండ్ దగ్గర ఆగినప్పుడు ఊపిరి ఆడుతుంది, బాధగా ఉన్నా మాట్లాడగలరు. నెత్తి మీద తట్టడం, వీపు మీద చరచడం ఇక్కడ ఎందుకూ పనికిరావు. అదే నిజంగా ఊపిరి అందక మాట రాకపోతే అది బ్యాండ్ సమస్య కానే కాదు, వెంటనే ప్రథమ చికిత్స చేయాల్సిన పరిస్థితి.

గుండె సంగతి విడిగా చెప్పాలి. బ్యాండ్ వేయించుకున్నవాళ్లలో చాలామందికి షుగరో బీపీయో ముందు నుంచీ ఉంటుంది. ఛాతీలో నొక్కేసినట్టు ఉండి, చెమటలు పడుతూ, ఆయాసం వస్తూ, దవడలోకో చేతిలోకో నొప్పి పాకుతుంటే, అందులోనూ తినకుండానే మొదలైతే, "స్టక్ అయి ఉంటుందిలే" అని కూర్చోకూడదు. ఈసీజీ తీయించుకుని ఏమీ లేదనిపించుకుంటే పోయేదేమీ లేదు.

ఆ గంటలో ఏం చేయాలి

తినడం ఆపాలి. నోట్లో ఉన్నది ఉమ్మేయాలి. ఇంకొక్క ముద్ద పెడితే ముందుది దిగుతుందేమో అనిపిస్తుంది, దిగదు. లేచి నిలబడాలి, నెమ్మదిగా నడవాలి. బెల్టు, చీరకట్టు బిగుతుగా ఉంటే వదులు చేసుకోవాలి. పడుకోకూడదు, పడుకుంటే పైన నిలిచినది ఊపిరితిత్తుల వైపు జారే ప్రమాదం ఉంది. లాలాజలం ఊరుతుంటే మింగకుండా ఉమ్ముకోవాలి. కంగారు పడితే కండరం ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి మెల్లగా, లోతుగా ఊపిరి తీసుకుంటూ ఉండాలి. చెప్పినంత తేలిక కాదు, పదిమందిలో కూర్చున్నప్పుడైతే మరీ.

చాలావరకు కొన్ని నిమిషాల నుంచి ఒకట్రెండు గంటల్లో దిగిపోతుంది, లేదా పైకొచ్చేస్తుంది. దిగినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది, పట్టు విడిచినట్టు ఉంటుంది.

నీళ్ల విషయంలో క్లినిక్కులు తలో మాట చెబుతాయి. కొందరు అసలు వద్దంటారు, కొందరు గోరువెచ్చగా చుక్క చుక్క తాగమంటారు. నాకు సబబుగా తోచే కొలత లాలాజలం. ఉమ్ము మింగితే దిగుతోందా? దిగుతుంటే దారి కొంత తెరిచి ఉంది, ఒక చెంచా గోరువెచ్చని నీళ్లతో చూడొచ్చు. సొంత ఉమ్మే దిగకపోతే నీళ్లు కూడా దిగవు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మటన్ మెత్తబడడానికి మనం పచ్చి బొప్పాయి రాస్తాం కదా, అందులో ఉండే పపైన్ అనే ఎంజైమ్‌నే పొడిగా, మాత్రలుగా అమ్ముతారు. అడ్డం పడిన మాంసాన్ని అది కరిగిస్తుందని బ్యాండ్ ఉన్నవాళ్లలో ఎప్పటి నుంచో ప్రచారంలో ఉంది. మేక మాంసానికీ మనిషి అన్నవాహికకీ ఆ ఎంజైమ్‌కి తేడా తెలియదు. అన్నవాహికలో ఇరుక్కున్న మాంసానికి పపైన్ వాడినప్పుడు గోడకి చిల్లు పడిన సంఘటనలు వైద్య చరిత్రలో ఉన్నాయి, డాక్టర్లు దాన్ని పక్కన పెట్టేసి చాలా కాలమైంది. కూల్‌డ్రింకులూ వద్దు, గ్యాస్ పోయే దారి లేక ఛాతీ పగిలిపోతున్నట్టు ఉంటుంది. గొంతులో వేలు పెట్టి కక్కడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. బలవంతపు వాంతుల ఒత్తిడికి కింద ఉండాల్సిన కడుపు బ్యాండ్ లోంచి పైకి జారొచ్చు.

ముద్ద దిగిపోయాక ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ప్రాణం కుదుటపడుతుంది, ఆకలి వేస్తుంది, పళ్లెంలో మిగిలింది తినేస్తారు. గంటసేపు నలిగిన చోట లోపలి పొర వాచి ఉంటుంది, వాచిన మేర దారి ఇరుకవుతుంది. పొద్దున మామూలుగా దిగిన ఇడ్లీ కూడా రాత్రికి ఆగిపోతుంది. అది ఇంకా వాపు తెస్తుంది. ఒకసారి స్టక్ అయిన వారంలోనే వరసగా మళ్లీ మళ్లీ అవుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. అందుకే ఆ రోజంతా ద్రవాలే తీసుకోవాలి: పలచని మజ్జిగ, చారు తేట, వడగట్టిన సూప్. మర్నాడు మెత్తనివి, ఆ తర్వాతే మామూలు తిండి.

మన పళ్లెంలో ఏది ఆగుతుంది

బ్యాండ్ డైట్ షీట్లు రాసింది బ్రెడ్డూ స్టేకూ తినేవాళ్ల కోసం. అందులో ఆగిపోయేవిగా రాసే పేర్లు దాదాపు మారవు: మెత్తని తెల్ల బ్రెడ్, పాస్తా, అన్నం, ఎండిన చికెన్, గట్టి ఎర్రమాంసం, పీచు కూరగాయలు, నారింజ తొనల పొర, పాప్‌కార్న్. అన్నం ఆ జాబితాలో ఉందని చూడగానే మనవాళ్లకి గుండె జారుతుంది. అన్నం విషం కాదు. ముద్దగా కలిపి, నొక్కి, ఉండ చేసి, పెద్దగా నమలకుండా మింగే అలవాటుతోనే చిక్కు. మనం చేత్తో చేసుకునే మామూలు ముద్ద బ్యాండ్‌కి నాలుగైదు ముద్దలతో సమానం. నెయ్యీ పప్పూ కలిపిన మెత్తని అన్నాన్ని గొంతు అలవాటుగా జార్చేస్తుంది, పళ్లకి పనే ఉండదు. చెంచాతో తినడం, అదీ పిల్లల చెంచాతో తినడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉన్నా పనిచేస్తుంది. ఒక్కోసారి తీసుకునేది చిటికెనవేలి గోరంత ఉంటే చాలు.

సాగే పిండి పదార్థాల ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. బ్రెడ్ మెత్తగా ఉంటే ఆగుతుంది, అదే ఎర్రగా కాల్చి కరకరలాడిస్తే పొడిపొడిగా నలిగి దిగుతుంది. ఆ లెక్కన పరోటా, రుమాలీ రోటీ, మైదా నాన్ కంటే గట్టిగా కాల్చిన పుల్కా మేలు, ఊతప్పం కంటే పెళపెళలాడే దోసె మేలు. మాంసంలో పొడిబారిన ముక్కే అసలు శత్రువు. ఫ్రిజ్‌లోంచి తీసి మైక్రోవేవ్‌లో వేడి చేసిన నిన్నటి చికెన్ బ్రెస్ట్ ముక్క ఎంతమందిని బాధపెట్టిందో లెక్క లేదు. పులుసులో ఉడికిన చేప, కీమా, మెత్తగా ఉడికిన పప్పు నయం. ములక్కాడ నార, తోటకూర కాడలు, చెరుకు పిప్పి లాంటివి నమిలి ఉమ్మేసేవాళ్లకి ఇబ్బంది లేదు, మింగేవాళ్లకి ఉంది. కొబ్బరి ముక్కలు, ఎండు ఖర్జూరాలు చూసుకుని తినాలి.

ఏది తిన్నారన్నదానితో పాటు ఎప్పుడు, ఎలాంటి మూడ్‌లో తిన్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దున్నే బ్యాండ్ బిగుతుగా అనిపిస్తుందని చాలామంది చెబుతారు. వేడి కాఫీయో టీయో తాగి, గంటాగి టిఫిన్ చేస్తే వాళ్లకి బాగుంటుంది. ఆఫీసులో మీటింగుకి టైమైపోతోందని ఐదు నిమిషాల్లో తినేసిన రోజు, ఫోన్లో గొడవపడుతూ తిన్న రోజు, టీవీ చూస్తూ తిన్న రోజు ముద్ద ఆగుతుంది. టెన్షన్‌లో నమలడం మర్చిపోతాం, కండరం కూడా బిగుసుకుపోతుంది. మొదటి ముద్ద దగ్గరే ఎక్కువ చిక్కు, ఎందుకంటే ఆకలి మీద ఉన్నప్పుడు తీసుకునే మొదటి ముద్దే పెద్దది.

దాపరికం గురించి కూడా ఒక మాట. న్యూజెర్సీ గవర్నర్‌గా ఉండగా క్రిస్ క్రిస్టీ 2013 ఫిబ్రవరిలో మారుపేరుతో చేరి బ్యాండ్ వేయించుకుని, మూడు నెలల తర్వాత గానీ బయటపెట్టలేదు. అంతటివాడే దాచాడంటే మామూలువాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మనలో అయితే అత్తగారికి తెలియకూడదు, తోడికోడలికి తెలియకూడదు. దాచాలంటే పెళ్లి భోజనంలో అందరితో పాటు తినాలి, అందరి వేగంతో తినాలి, "అదేంటి, ఏం తినలేదు" అంటే ఇంకో గరిటె వేయించుకోవాలి. అలాంటి పంక్తిలోనే ముద్ద అడ్డం పడుతుంది. అందరికీ చెప్పాల్సిన పనిలేదు గానీ, పక్కన కూర్చునేవాళ్లలో ఒక్కరికైనా తెలిసి ఉంటే వడ్డించేవాళ్లని ఆపడానికి, నీళ్లగ్లాసు పక్కకి జరపడానికి ఒక మనిషి ఉంటారు.

మాత్రలు మర్చిపోకూడదు. పెద్ద మాత్ర బ్యాండ్ దగ్గర ఆగితే నొప్పితో పోదు, కొన్ని మాత్రలు ఆగిన చోట పుండు చేస్తాయి. డాక్సీసైక్లిన్, ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్, ఆస్పిరిన్, బ్రూఫెన్ రకం నొప్పి మాత్రలు, పొటాషియం మాత్రలు అలాంటివి. సిరప్ రూపంలో దొరుకుతుందేమో అడగాలి. పొడి చేసుకుని వేసుకోవచ్చా అన్నది సొంతంగా తేల్చుకోకూడదు, నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రని నూరితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

తప్పు తిండిది కానప్పుడు

అన్నీ జాగ్రత్తగా చేస్తున్నా ముద్ద ఆగుతూనే ఉంటే బ్యాండ్ మరీ బిగుతుగా ఉందనో, స్థానం తప్పిందనో అనుమానించాలి. క్లినిక్కుల్లో దీనికి ట్రాఫిక్ లైట్ల లాంటి పటం వాడతారు. పసుపు అంటే వదులు, ఆకలి ఆగదు. పచ్చ అంటే సరిగ్గా ఉంది, కొద్దిగా తింటే చాలనిపిస్తుంది. ఎరుపు అంటే అతిబిగుతు: గట్టి తిండి దిగదు, ఛాతీలో మంట, రాత్రిళ్లు దగ్గు, పడుకుంటే నోట్లోకి నీళ్లు రావడం, తెల్లారేసరికి దిండు తడిసి ఉండడం.

ఎరుపులో ఉన్న మనిషి బరువు తగ్గాలి కదా అనిపిస్తుంది. చాలాసార్లు పెరుగుతారు. గట్టివి దిగకపోతే దిగేవేవో నాలుక వెతుక్కుంటుంది: ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, చాక్లెట్, పాయసం, జ్యూసులు. వీటికి బ్యాండ్ ఏ అడ్డూ చెప్పదు. చికెన్ ముక్క పట్టని దారిలో లీటరు మిల్క్‌షేక్ హాయిగా పోతుంది. బరువు పెరగగానే పేషెంటు వెళ్లి ఇంకో ఫిల్ అడుగుతారు, వేసేవాళ్లు అడిగి చూడకుండా వేస్తే బిగుతు ఇంకా పెరుగుతుంది, తిండి ఇంకా తీపి ద్రవాల వైపు జారుతుంది. ఈ వలయం తెగాలంటే సెలైన్ కొంత తీయాలి. వదులు చేస్తే మళ్లీ లావైపోతామేమోనని భయపడి నెలల తరబడి వాయిదా వేసేవాళ్లకి ఇది ఎంత చెప్పినా తక్కువే. అరకొరగా వదులు చేశాక పప్పు, కూర, చేప మళ్లీ తినగలిగి, ఆకలి కూడా అదుపులో ఉండడం ఆశ్చర్యమేమీ కాదు. బ్యాండ్ పనిచేయాల్సింది ఆకలి మీద.

ఇంకోటి బ్యాండ్ జారడం. కడుపులో కొంత భాగం బ్యాండ్ లోంచి పైకి వచ్చేస్తుంది. ఏళ్లుగా హాయిగా ఉన్న మనిషికి, ఫిల్ ఏమీ వేయకుండానే, ఉన్నట్టుండి ఏదీ దిగకపోవడం, పడుకుంటే గుండెల్లోకి పొంగడం మొదలైతే మొదట గుర్తు రావాల్సింది ఇదే. మామూలు ఎక్స్‌రేలోనే సూచన దొరుకుతుంది. వెన్నెముకతో పోలిస్తే బ్యాండ్ ఏటవాలు 4 నుంచి 58 డిగ్రీల మధ్య ఉండాలి, అది దాటి వాలినా, అడ్డంగా తిరిగి గుండ్రంగా కనిపించినా జారినట్టు అనుమానిస్తారు. ఎక్స్‌రేలో కనిపించే బేరియం ద్రవం తాగించి తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జారిన కడుపుకి రక్తం ఆగిపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోవడం, జ్వరం, గుండె దడ, పొట్ట గట్టిపడడం కనిపిస్తే ఇంట్లో ఎదురుచూడకూడదు.

ఏళ్ల తరబడి అతిబిగుతు బ్యాండ్ మీద నొక్కీ నొక్కీ అన్నవాహిక సాగిపోయి సత్తువ కోల్పోవడం కూడా ఉంది. ఇది నిశ్శబ్దంగా జరుగుతుంది. రాత్రిళ్లు దగ్గు, మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం దాని ఆనవాళ్లు. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు వాడుతూ కూర్చునే ప్రమాదం ఉంది, కాబట్టి దగ్గు కోసం వెళ్లిన డాక్టర్‌కి కూడా బ్యాండ్ సంగతి చెప్పాలి.

ఆసుపత్రికి ఎప్పుడు, వెళ్లాక ఏమిటి

సొంత ఉమ్మి కూడా దిగకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అన్నవాహిక పూర్తిగా మూసుకుపోయినప్పుడు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లో ఎండోస్కోపీ చేయాలని యూరప్ ఎండోస్కోపీ సంఘం మార్గదర్శకాలు చెబుతాయి. బ్యాండ్ ఉన్నవాళ్లకి అంతకంటే ముందు చేయదగిన తేలిక పని ఒకటుంది: పోర్ట్ లోంచి సెలైన్ మొత్తం తీసేయడం. చాలాసార్లు సూది తీసేలోపే ముద్ద జారిపోతుంది. రక్తం ఏమైనా పడినా, ఉమ్మి దిగుతున్నా ఒక రోజంతా ద్రవాలు నిలవకపోయినా కూడా వెళ్లాల్సిందే.

ఇండియాలో బ్యాండ్ ఎక్కువగా వేయలేదు, ఇక్కడ బరువు తగ్గడానికి చేసే స్లీవ్, గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్లదే రాజ్యం. మెల్‌బోర్న్‌లోనో డాలస్‌లోనో బ్యాండ్ వేయించుకున్న మనిషి సంక్రాంతికి భీమవరం వచ్చి అరిసె అడ్డం పడి ఎమర్జెన్సీకి వెళ్తే, అక్కడి డ్యూటీ డాక్టర్ ఈ పరికరాన్ని చూడడం అదే మొదటిసారి కావచ్చు. ఆయనకి చెప్పాల్సినవి తక్కువే. పోర్ట్ ఎక్కడుందో తడిమితే తెలుస్తుంది, లేదంటే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. దానిలోకి హ్యూబర్ సూది వాడాలి, కీమోథెరపీ పోర్ట్‌లకి వాడేది అదే కాబట్టి కేన్సర్ వార్డు ఉన్న ఆసుపత్రిలో దొరుకుతుంది. మామూలు సూది పోర్ట్ సిలికాన్‌ని కొరికి లీకు చేయొచ్చు. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు సూది రకం కోసం ఆగక్కర్లేదు, పోర్ట్ పాడైతే తర్వాత మార్చుకోవచ్చు. చర్మం మాత్రం ఆపరేషన్‌కి శుభ్రం చేసినంత శ్రద్ధగా శుభ్రం చేయాలి.

వారాల తరబడి వాంతులవుతున్న మనిషి విషయంలో డాక్టర్‌కి గుర్తుచేయాల్సిన ముఖ్యమైన సంగతి థయమిన్, అంటే బి1 విటమిన్. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి రాదు. అది అయిపోతే నడక తూలడం, రెండు బొమ్మలు కనిపించడం, అయోమయం మొదలవుతాయి. ఇది మెదడుకి జరిగే నష్టం, ఆలస్యమైతే పూర్తిగా తిరిగి రాదు. నీరసంగా ఉన్నారని ముందే గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి ముదురుతుంది. థయమిన్ ఇంజెక్షన్ ముందు, లేదా గ్లూకోజ్‌తో పాటే ఇవ్వాలి. గ్లూకోజ్ ఎక్కించడం ఓ అలవాటుగా మారిన మన ఊళ్లలో దీన్ని ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాల్సి వస్తుంది. గర్భిణులకి వేవిళ్ల వాంతులు ఎక్కువైతే బ్యాండ్ వదులు చేయించడం కూడా ఈ కోవలోదే.

దూర ప్రయాణానికి ముందు తమ క్లినిక్‌లో చూపించుకుని, అనుమానం ఉంటే కొంచెం సెలైన్ తీయించుకుని బయల్దేరడం మంచిది. బ్యాండ్ కంపెనీ, రకం, ఇప్పుడు లోపల ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయి, పోర్ట్ ఏ పక్కన ఉంది, ఆఖరి ఫిల్ తేదీ, సర్జన్ ఫోన్ నంబరు, ఇవి ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌లో పెట్టుకోవాలి, ఫొటో తీసి తోడు వచ్చేవాళ్ల ఫోన్లో కూడా ఉంచాలి. ముద్ద అడ్డం పడిన మనిషి ఆ వివరాలు నోటితో చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు.